ఊదా దారం

కిందటి వారం క్యాంటీన్‌లో పళ్ళెం పగిలిన దగ్గర ఆగాం. ఆ పళ్ళెం ఎవరిదో, ఎందుకు పగిలిందో మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే కథలోకి అడుగు పెట్టినవాళ్ళకీ నాలుగు ముక్కల్లో చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఈ కథంతా అదే కదా.

ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీ అది. మూడు వందల మంది పని చేస్తారు. ఒకరి పండుగ ఇంకొకరికి మామూలు మంగళవారం. ఒకరు లొట్టలు వేసుకుంటూ తినేది ఇంకొకరి ఇంట్లో గడప తొక్కదు. ఏటా వార్షికోత్సవం నాడు కంపెనీ ఒక కేకు కోసి, అందరికీ ఒకే వంట వడ్డించి, తిన్నవాళ్ళు తిన్నారు, మాడినవాళ్ళు మాడారు అని చేతులు దులుపుకునేది. ఈ ఏడు అలా కుదరదని నడుం కట్టింది చిరుగుల విభాగం పెద్ద. ఆవిడని అందరూ సూదక్క అంటారు. పద్దెనిమిదేళ్ళుగా చిరిగిన దుప్పట్లు కుడుతోంది. నోరు కూడా సూదే.

నాలుగు నెలలు కాళ్ళరిగేలా తిరిగి ఆవిడ 'అందరి రోజు' అని ఒక కాగితం తయారు చేసింది. అందులో రెండు మాటలే ఉన్నాయి. ఒకటి, వార్షికోత్సవం నాడు ఒకే పొడవాటి బల్ల, ఎవరి తిండి వాళ్ళకి, ఏది ఎందరికో అంకెలతో సహా. రెండు, ఏడాదిలో ఒక రోజు, ఎవరికి ముఖ్యమైన రోజు వాళ్ళకి, జీతం కొయ్యకుండా సెలవు. ఏడు విభాగాల పెద్దలూ సంతకాలు పెట్టి శుక్రవారం నాలుగింటికల్లా పంపిస్తే ఒప్పుకుంటామంది హెడ్డాఫీసు. ఒక్క సంతకం తగ్గినా మళ్ళీ కేకే. శుక్రవారం పొద్దుటికి ఆరు సంతకాలు వచ్చాయి. మిగిలింది బాయిలర్ మామది.

ఇక దారం సంగతి. ఆ లాండ్రీలో ప్రతి గుడ్డకీ మూలన ఒక రంగు దారం కుట్టి ఉంటుంది. ఏది ఎక్కడినుంచి వచ్చిందో, దేన్ని దేంతో కలిపి ఉతకాలో ఆ దారం చెబుతుంది. ఆ అలవాటుతోనే సూదక్కకి ఒక ఆలోచన వచ్చింది. వడ్డించేవాళ్ళు ప్రతి మనిషినీ పట్టుకుని నువ్వు ఇది తింటావా, అది ముట్టవా అని పదిమందిలో అడక్కుండా, పని కోట్ల కాలరు లోపల చిన్న దారం కుడితే చాలు కదా. అన్నీ తినేవాళ్ళకి తెలుపు, మాంసం తిననివాళ్ళకి ఎరుపు, ఆ రోజు ఉపవాసం ఉండేవాళ్ళకి నీలం, ఇంటినుంచి తెచ్చుకునేవాళ్ళకి ఆకుపచ్చ. దుప్పట్లకి పనికొచ్చింది మనుషులకి పనికిరాదా అనుకుంది. లాండ్రీ మనిషికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది. రాకపోయినా బాగుండేది.

శుక్రవారం పొద్దున ఇస్త్రీ కోట్లు పంచారు. ఇంటినుంచి తెచ్చుకునే పదకొండు మంది కాలర్లలో ఆకుపచ్చ లేదు. ఊదా ఉంది. ఆ లాండ్రీలో ఊదా దారం అంటే అంటురోగాల వార్డు గుడ్డ. అది మూతి కట్టిన సంచిలో, వెనక గేటులోంచి వస్తుంది. దాన్ని తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోరు. ఆ పదకొండు మందీ బాయిలర్ మామ వాళ్ళు, ఆయన చుట్టాలు, ఆయన తెగవాళ్ళు. క్యాంటీన్‌లో ఎవడో తన పళ్ళెం పక్కకి జరుపుకుని, "చేతి తొడుగులేవిరా" అన్నాడు. పదిమంది నవ్వారు. బాయిలర్ మామ తన పళ్ళెం ఎత్తి నేలకేసి కొట్టాడు.

అదీ జరిగింది.

గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. చిరుగుల గది తప్ప ఇంకెక్కడా పెద్ద బల్ల లేదు గనక అందరూ అక్కడే చేరారు. కుట్టేవాళ్ళని బయటికి పంపేశారు. వాళ్ళతోపాటు సూదక్క కూతురు కూడా లేచింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, నాలుగు నెలల కిందటే అమ్మ దగ్గర పనికి చేరింది. మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఉంది.

"మెడకేమైందే?" అంది సూదక్క.

"చెమట," అని ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది.

బల్లకి ఒక చివర మేనేజరు కూర్చున్నాడు. చేతి గడియారం విప్పి కాగితం పక్కన పెట్టుకున్నాడు. మూడు వందల మందికి తలా ఒక రోజు సెలవంటే తన షిఫ్టులు ఎలా కుదురుతాయోనని నాలుగు నెలలుగా ఆయనకి నిద్ర లేదు. ఈ పూట మాత్రం మొహం తేటగా ఉంది. తలుపు దగ్గర స్టూలు మీద ఇస్త్రీ బాబాయ్. ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ విభాగాన్ని ఏలుతున్న మనిషి. సంతకం పెట్టాడు గానీ, పెడుతూ పెడుతూ కూడా, "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అని ఒక చురక అంటించాకే పెట్టాడు.

బాయిలర్ మామ వచ్చాడు. వెనకాలే ఆయన కొడుకు. కొడుకు డ్రైయర్ల దగ్గర పని చేస్తాడు, అడిగితే తప్ప మాట్లాడడు. వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మామ కోటు విప్పి, కాలరు పైకి తిప్పి, సూదక్క ముందుకి విసిరాడు.

"ముట్టుకో," అన్నాడు. "తొడుగులు లేకుండా ముట్టుకో చూద్దాం."

సూదక్క కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పొరపాటు జరిగింది అన్నయ్యా. నేను ఆకుపచ్చ అని రాశాను. ఇలా అవుతుందని కల్లో కూడా అనుకోలేదు."

"అన్నయ్యా అనకు. పోయినేడు కూడా ఇంత తియ్యగానే పిలిచావు. వదినా, వదినా అంటూనే మా ఇంటిదాని పళ్ళెంలో గరిటె తిప్పావు."

గదిలో కుట్టు మిషన్లు ఆగిపోయి ఉన్నాయి గనక ఆ మాట మరీ పెద్దగా వినిపించింది. సూదక్క మొహం పాలిపోయింది. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు పైకి వస్తుందని ఆవిడకి తెలుసు. ఇవాళే వస్తుందనుకోలేదు.

"ఏం గరిటె?" అన్నాడు మేనేజరు. ఆయనకి తెలియని గొడవ దొరికినందుకు ముందుకి వంగాడు.

"చెప్పమ్మా," అన్నాడు మామ. "నువ్వే చెప్పు. నేను చెబితే కల్పించానంటారు."

సూదక్క తలెత్తి చెప్పింది. "పోయినేడు వార్షికోత్సవంలో వడ్డన నేనే చేశాను. వాళ్ళు ముట్టని కూరని వాళ్ళావిడ వద్దంటోంది, చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్క ముద్దకి ప్రాణం పోదులే వదినా అని ఆ చెయ్యి తప్పించి వేశాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ పళ్ళెం అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ పనిలోకి రాలేదు."

"పద్నాలుగేళ్ళ ఉద్యోగం," అన్నాడు మామ. "మడతల బల్ల దగ్గర దానికంటే చురుకైన చెయ్యి లేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, నలుగురున్న చోటికి రమ్మంటే రాదు. పెళ్ళికి రాదు, చావుకి రాదు. ఎక్కడ ఎవరు ఏం వేస్తారోనని."

"అందుకే ఈ కాగితం రాశాను."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

"తొక్కాను. కడుక్కోవాలిగా. కడుక్కోకుండా ఇంట్లోకి వస్తే మీరు ఊరుకుంటారా?"

ఇస్త్రీ బాబాయ్ స్టూలు మీద సర్దుకుని, "అక్కకి పశ్చాత్తాపం పట్టుకుంది, మనకి మీటింగులు పట్టుకున్నాయి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. ఇన్ని రకాల వాళ్ళని ఒక బల్ల మీదికి తేవడమంటే అన్ని రంగుల బట్టలూ ఒకే డ్రమ్ములో వెయ్యడమే. ఒకరి రంగు ఇంకొకరికి అంటుకుంటుంది. ఏడుపులు తప్ప ఏమీ మిగలదు."

"రంగు పోయేది నాసిరకం గుడ్డకి సార్," అంది సూదక్క. "మా వాళ్ళు గట్టివాళ్ళే. సబ్బే బాగాలేదు."

"సబ్బు ఎవరు? నేనా?"

"నేను పేర్లు చెప్పలేదు. మీరే భుజాలు తడుముకుంటున్నారు."

మేనేజరు మొహం ఎర్రబడింది. గడియారం వైపు వేలు చూపించాడు. "మూడూ ముప్పై రెండు. నాలుగింటికి ఈ కవరు వెళ్ళిపోతుంది. ఏడు సంతకాలతోనా, ఆరింటితోనా, మీ ఇష్టం."

సూదక్క బాయిలర్ మామ వైపు తిరిగింది. ఆవిడ గొంతులో సూదిలాంటి పదును పోయింది. "నా మీద కోపం నా మీదే పెట్టుకోండి అన్నయ్యా. రెండో మాట ఒక్కసారి చదవండి. మీ రోజు కోసం ఇరవై రెండేళ్ళనుంచి అడుగుతున్నారు. ప్రతిసారీ బాయిలర్ ఆగదు, నువ్వు ఆగు అంటున్నారు. మీ నాన్నగారు పోయిన రోజున కూడా ఇక్కడే ఆవిరి చూసుకుంటూ నిలబడ్డారని నాకు తెలుసు. ఈ సంతకం పడితే ఇక ఎవరినీ అడగక్కర్లేదు. మీరొక్కరే కాదు, మూడు వందల మందీ."

"ముష్టి వేస్తున్నావా?"

"హక్కు అంటున్నాను."

మామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వచ్చినప్పటినుంచీ ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. ఆ చేతుల మీద ఆవిరికి కాలిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి.

"సరే," అన్నాడు. "సంతకం పెడతాను. రెండు షరతులు. ఒకటి, ఆ కాగితంలో అంకె దిద్దాలి. ఇంటినుంచి తెచ్చుకునేవాళ్ళు పన్నెండు అని రాశారు. మేం పదకొండు మందిమి. ఇన్నేళ్ళనుంచి పదకొండు మందిమే. మమ్మల్ని లెక్కపెట్టడం కూడా రాదు మీకు. మనుషుల్లా చూస్తే కదా, లెక్క తెలిసేది."

"చీటీలు లెక్క పెట్టినప్పుడు ఎవరిదో రెండుసార్లు పడి ఉంటుంది," అంది సూదక్క. కోటు నంబర్లు వేసిన చీటీల్లో ఎవరికి ఏది పనికొస్తుందో గీత పెట్టమని అందరికీ పంచారు. వాటిని లెక్క కట్టింది కూతురు. మొత్తాలు మాత్రమే ఆవిడ చూసింది. "దిద్దుదాం. రెండోది?"

"ఊదా ఎవరు కుట్టారో ఆ మనిషి పేరు చెప్పాలి. ఇవాళే గేటు బయటికి పంపించాలి. పొరపాటున కుట్టారని నేను నమ్మను. ఊదా అంటే ఏమిటో ఇక్కడ చీపురు పట్టేవాళ్ళకి కూడా తెలుసు. ఇన్ని వందల మంది కోట్లలో మా పదకొండూ ఏరి మరీ కుట్టారు. గోటితో పోయేది కాదిది."

"న్యాయమే," అన్నాడు మేనేజరు వెంటనే. "పంపించేద్దాం. సంతకం వచ్చినా రాకపోయినా పంపించేద్దాం. పేరు చెప్పండి."

గోడకి ఆనుకున్న కొడుకు, "నాన్నా," అన్నాడు.

"నువ్వు మాట్లాడకు."

సూదక్క ఒళ్ళో కోటు తిరగేసింది. ఎవరు కుట్టారో ఆవిడకి నిజంగానే తెలియదు. తెలుపు, ఎరుపు, నీలం తన కళ్ళ ముందే పూర్తయ్యాయి. ఆకుపచ్చ వంతు వచ్చేసరికి మేనేజరు పిలిచాడని వెళ్ళింది. అక్కడ ఆయన రెండు గంటలు కూర్చోబెట్టాడు. మిగిలినవి కుట్టేయమని గదిలో ఉన్న నలుగురికీ చెప్పి వెళ్ళింది. నలుగురిలో ఎవరైనా కావచ్చు. తిరిగొచ్చి ఒక్క కాలరు తిప్పి చూసుకున్నా ఈ ముప్పు తప్పేది. చూసుకోలేదు.

జేబులోంచి చిన్న కత్తెర తీసి కాలరు లోపలి అంచు పట్టుకుంది. దారం తెంపడానికి ముందు, అలవాటుకొద్దీ, కుట్టు ఎక్కడ ముగిసిందో వెతికింది.

చిరుగులు కుట్టేవాళ్ళు దారానికి ముడి వెయ్యరు. ముడి ఉంటే పడుకున్న రోగికి గుచ్చుకుంటుంది. చివర కుట్టు కింద దారాన్ని దోపి తెంపేస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో తీరు, చేతిరాతలాగే. కొందరు ఒకసారి దోపుతారు, కొందరు రెండుసార్లు. ఈ దారం మూడుసార్లు దోపి, నాలుగోసారి వెనక్కి మళ్ళి, తను వచ్చిన దారిలోనే దూరి ఆగింది. ఆ తీరు లాండ్రీలో ఇద్దరికే తెలుసు. ఒకరు సూదక్క. ఇంకొకరు, తొమ్మిదేళ్ళప్పుడు పాత దిండు గలీబు మీద సూదక్క దగ్గర అది నేర్చుకుని, వేలు గుచ్చుకుంటే ఏడవకుండా నోట్లో పెట్టుకున్న పిల్ల.

అప్పుడు ఆవిడకి మిగతాది కూడా అర్థమైంది. ఊదా అంటే ఇక్కడ చీపురు పట్టేవాళ్ళకి కూడా తెలుసు, నిజమే. కానీ చిరుగుల గదిలో నాలుగు నెలల కిందట చేరిన మనిషికి తెలియదు. ఊదా దారం ఉన్న గుడ్డ చిరిగితే కుట్టరు, కాల్చేస్తారు. ఆ రంగు ఈ గది గుమ్మం తొక్కనే తొక్కదు. స్టోర్లో ఆకుపచ్చ అయిపోయి ఉంటుంది. పిల్ల ఉన్నవాటిలో అందమైన రంగు ఏరుకుని ఉంటుంది. ఎవరూ చెప్పలేదు దానికి. చెప్పవలసిన మనిషి తనే.

"పేరు," అన్నాడు బాయిలర్ మామ.

"నేనే కుట్టాను," అంది సూదక్క.

మేనేజరు నోరు తెరిచాడు. ఆయన అనుకున్నదానికంటే పెద్ద చేపే పడింది.

"నేనే కుట్టాను. ఆకుపచ్చ అయిపోయింది. తొందరలో చేతికందింది కుట్టాను. పంపించండి. సంతకం పెట్టండి, పోతాను."

కోపంగా వచ్చిన మనిషికి కోరుకున్నది అంత సులువుగా దొరికితే ఏం చెయ్యాలో తెలియదు. బాయిలర్ మామ కలం కోసం చెయ్యి చాచాడు గానీ అందుకోలేదు.

తలుపు దగ్గరినుంచి ఇస్త్రీ బాబాయ్ లేచి వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదినుంచి కిందికి దించుకుని కాలరు మీదికి వంగాడు. "అబద్ధం," అన్నాడు.

"బాబాయ్, నీ పని నువ్వు చూసుకో."

"నా పని ఇదే. ముప్పై ఏళ్ళనుంచి నీ కుట్ల మీద ఇస్త్రీ పెట్టె తోస్తున్నది నేను. నువ్వు ఎడంచేతివాటం. నీ కుట్టు ఇటు వాలుతుంది. ఇది అటు వాలింది. ఇది నీ చెయ్యి కాదు."

"ముప్పై ఏళ్ళు కాదు, పద్దెనిమిది."

"లెక్క దగ్గర గొడవ పెట్టుకోకు. ఎవరిని దాస్తున్నావు?"

బాయిలర్ మామ బల్ల మీద అరిచేత్తో కొట్టాడు. "చూశారా. ఇప్పుడు కూడా దాపరికమే. మా మొహాన ఊదా కుట్టినవాళ్ళని కడుపులో పెట్టుకుని, మాకేమో హక్కు అని కబుర్లు. నాకు సంతకమూ వద్దు, సెలవూ వద్దు. పదరా."

కొడుకు కదల్లేదు. ఆయన మళ్ళీ "పదరా" అనేలోగా తలుపు తెరుచుకుంది.

సూదక్క కూతురు లోపలికి వచ్చింది. ఇంతసేపూ తలుపు అవతలే నిలబడి ఉంది. ఎవరి వైపూ చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, "నేను కుట్టాను," అంది. "పదకొండూ నేనే కుట్టాను. అమ్మ కాదు. ఆకుపచ్చ ఉండ అయిపోతే స్టోర్లో ఊదా ఇచ్చారు. బాగుందనుకున్నాను. మిగతావాటికంటే మంచి రంగు వాళ్ళకి పడిందని సంతోషపడ్డాను కూడా. పొద్దున క్యాంటీన్‌లో నవ్వినప్పుడు తెలిసింది, దానికి అర్థం ఏమిటో."

"మంచి రంగట," అన్నాడు బాయిలర్ మామ. గొంతులో ఇందాకటి వేడి లేదు, పోనూ లేదు. "మా మీద నీకంత ప్రేమ ఎందుకమ్మా? మేం నీకేమవుతాం?"

సూదక్క లేచి కూతురి చెయ్యి పట్టుకుంది. "నాలుగు నెలల పిల్ల అన్నయ్యా. దానికి తెలియదు. చెప్పని తప్పు నాది. కావాలంటే మీ కాళ్ళు..."

"అమ్మా, ఆగు," అంది కూతురు. "కాగితంలో అంకె తప్పు కాదు. పన్నెండే."

చెయ్యి విడిపించుకుని మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసింది. కాలరు వెనక్కి మడిచింది. లోపల, మూడుసార్లు దోపి నాలుగోసారి వెనక్కి మళ్ళిన కుట్టు. ఊదా.

సూదక్కకి మొదట ఏమీ అర్థం కాలేదు. పిల్ల పశ్చాత్తాపంతో తనకి కూడా కుట్టుకుందేమో అనుకుంది. తర్వాత గుర్తొచ్చింది. కోట్లు పొద్దున పంచారు. కుట్టింది మొన్న. పొద్దుటిదాకా ఊదా అంటే ఏమిటో ఈ పిల్లకి తెలియనే తెలియదు.

"నువ్వు ఇంటినుంచి తెచ్చుకుంటానని గీత పెట్టావా?" అంది.

"పెట్టాను."

"మన ఇంట్లో అన్నీ తింటాం కదే. ఏ ఇంటినుంచి?"

ఆ పిల్ల గోడ వైపు చూసింది. గోడకి ఆనుకున్న మనిషి గోడని వదిలి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అడిగితే తప్ప మాట్లాడని మనిషి అడక్కుండానే మాట్లాడాడు.

"మా ఇంటినుంచి," అన్నాడు. "మూడు నెలలైంది నాన్నా. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. అందరి రోజు నాడు అందరూ ఒకే బల్ల దగ్గర ఉంటారు కదా, అప్పుడు చెబుదామనుకున్నాం."

నాలుగు నెలలు 'ఒకే బల్ల, ఒకే బల్ల' అని గొంతు చించుకున్న సూదక్క మనసులో ముందుగా మెదిలిన మాట ఏమిటో చెబుతాను. 'వాళ్ళింట్లోనా' అనుకుంది. అనుకున్న మరుక్షణమే సిగ్గుపడింది. కానీ అనుకోవడం ముందు, సిగ్గు తర్వాత. దానికి ఆవిడ దగ్గర సమాధానం లేదు. మూడు నెలలుగా పక్కన కూర్చుని కుడుతూ, ఒకే డబ్బాలో తింటూ, ఒక్క మాట చెప్పలేదే అన్న బాధ ఆ సిగ్గుని కూడా మింగేసింది.

"నా పక్కనే కూర్చుని, నాకే దొంగ లెక్క ఇచ్చావా?" అంది.

"దొంగ లెక్క కాదమ్మా. ఆ చీటీ మీదే మొదటిసారి నిజం రాశాను."

బాయిలర్ మామ ఆ పిల్లని కాదు, కొడుకునీ కాదు, గాలిని అడిగినట్టు అన్నాడు. "పదకొండు మందిలోకి పన్నెండో మనిషిని ఎవర్నడిగి తెచ్చావు? ఎవరు చోటిచ్చారు? మీ అమ్మ పళ్ళెంలో గరిటె తిప్పిన మనిషి కూతుర్ని, మీ అమ్మకి ఏమని చూపిస్తావు?"

"అమ్మకి తెలుసు," అన్నాడు కొడుకు.

మామ గభాలున కొడుకు వైపు తిరిగాడు.

"ఈమె ఆదివారాలు మనింటికి వస్తుంది," అన్నాడు కొడుకు. "నువ్వు బాయిలర్ దగ్గర ఉన్నప్పుడు. అమ్మే వండి పెడుతుంది. అడక్కుండా ఏమీ వెయ్యదు, ఈమె అడక్కుండా ఏమీ వేయించుకోదు. ఇన్నాళ్ళకి ఇంట్లో ఇంకొకరికి వడ్డించింది అమ్మ."

ఇస్త్రీ బాబాయ్ కళ్ళద్దాలు మళ్ళీ నుదుటి మీదికి ఎక్కించుకున్నాడు. "పద్దెనిమిదేళ్ళుగా అన్నయ్యా, అన్నయ్యా అని పిలుస్తున్నావు కదమ్మా," అన్నాడు సూదక్కతో. "అన్న కొడుక్కి చెల్లెలి కూతురు ఏమవుతుంది మరి? వరస నువ్వే కలిపావు. ఊరికే పోయిందా?"

"నోరు ముయ్ బాబాయ్," అన్నారు సూదక్క, బాయిలర్ మామ ఒకేసారి. ఆ మధ్యాహ్నమంతటిలో వాళ్ళిద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే.

మేనేజరు దగ్గాడు. ఆయనకి కావలసింది ఇంత అందంగా దొరుకుతుందని ఆయన కూడా అనుకోలేదు. కాగితం తిప్పి బాయిలర్ మామ ముందుకి జరిపాడు. "మూడూ యాభై రెండు. కుట్టిన పిల్లని పంపించమన్నారు, అది నేను చూసుకుంటాను. ఇక మిగిలింది అంకె. దిద్దితేనే సంతకం పెడతానన్నారు. దిద్దండి. పన్నెండు కొట్టేసి పదకొండు రాయండి. పక్కన మీ పొడి సంతకం, కాగితం రాసిన ఆవిడ పొడి సంతకం ఉండాలి. లేకపోతే హెడ్డాఫీసు తీసుకోదు. దిద్దకపోతే పన్నెండు ఒప్పుకున్నట్టు. అదీ మీ ఇష్టమే."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ ఇద్దరికీ ఇల్లూ రచ్చా ఒకే బల్ల మీదికి వచ్చి కూర్చున్నాయి. పదకొండని దిద్దితే మూడు వందల మందికీ తలా ఒక రోజు దక్కుతుంది. ఒక్క పిల్లకి మాత్రం, రెండు కుటుంబాల పెద్దలూ సంతకాలు పెట్టి మరీ, నువ్వు ఏ లెక్కలోనూ లేవని చెప్పినట్టవుతుంది. దిద్దకుండా సంతకం పెడితే ఆ పిల్లని ఒప్పుకున్నట్టు. సంతకమే పెట్టకపోతే కేకు.

బాయిలర్ మామ కలం అందుకున్నాడు. సంతకం చోటికి వెళ్ళలేదు. కలం మొన అంకె మీదికి వెళ్ళింది. ఒకటి పక్కన రెండు. ఆ రెండు మీద ఆగింది.

సూదక్క కూతురు ఏమీ అడగలేదు. తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది. కాలరు వెనక్కి మడిచినది అలాగే ఉంచుకుంది.

మామ కలం తీసేశాడు. కాగితాన్ని, దాని మీద కలాన్ని, మెల్లగా బల్లకి అడ్డంగా సూదక్క ముందుకి తోశాడు.

"నీ కాగితం," అన్నాడు. "నీ లెక్క. నీ కూతురు. అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడతానన్నది నువ్వు. ముందు నువ్వు చెప్పు చెల్లెమ్మా. పదకొండా, పన్నెండా?"

పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆవిడని చెల్లెమ్మా అనడం అదే మొదటిసారి. అది పెద్దరికమో, ఉచ్చో ఆవిడకి తెలియలేదు. కూతురి వైపు చూసింది. ఒళ్ళోంచి ఊదా కాలరు కోటు జారి నేల మీద పడింది. దాన్ని ఎవరూ వంగి తియ్యలేదు.

సూదక్క ఎడంచెయ్యి చాచి కలం అందుకుంది.